మూడు రకాల వాకీటాకీలు కలిసి ఉన్నాయి, తక్కువ ఖర్చులో ఎన్‌క్రిప్షన్ ఎలా?

రాత్రిడ్యూటీ

అందరికీ నమస్కారం. మా గోదాములో వాకీటాకీల బాధ్యత నా నెత్తిన పడింది. నాకు వీటి గురించి పెద్దగా తెలియదు, ముందున్నాయన మానేస్తూ తాళాలతో పాటు ఒక ప్రోగ్రామింగ్ కేబుల్ కూడా చేతిలో పెట్టి వెళ్లిపోయాడు. మొత్తం 31 సెట్లు. 12 పాత అనలాగ్‌వి. 11 నల్లవి, డీఎంఆర్ డిజిటల్. ఇంకో 8 చిన్నవి, అవీ డీఎంఆరే గానీ వేరే బ్రాండు. (పేర్లు కావాలనే రాయడం లేదు, రాస్తే బ్రాండ్ల యుద్ధం మొదలై నా ప్రశ్న మూలన పడుతుంది.) మేనేజరు మారినప్పుడల్లా కొత్తాయన తనకి నచ్చినవి కొన్నాడు, అందుకే ఈ కలగూరగంప.

అన్నీ కలిసి మాట్లాడుకోవాలి కాబట్టి డిజిటల్ సెట్లు కూడా అనలాగ్ మోడ్‌లోనే నడుస్తున్నాయి. సమస్య ఏమిటంటే మా మాటలు బయటికి పోతున్నాయి. ఏ లారీ ఏ సరుకుతో ఎన్నింటికి బయలుదేరుతుందో మేం అనుకున్న పది నిమిషాలకి గేటు అవతల తెలిసిపోతోంది. ఒకరోజు మా కుర్రాడు కళ్లారా చూశాడు, రోడ్డు మీద ఒకతను చిన్న వాకీటాకీ పట్టుకుని నిలబడ్డాడట, అందులోంచి మా సూపర్‌వైజర్ గొంతే వస్తోందట. మేం ప్రైవసీ కోడ్ పెట్టుకున్నాం కదా, మరి ఎలా వింటున్నాడు? 31 కొత్తవి కొనమంటే పైవాళ్లు నన్ను ఎగాదిగా చూస్తారు. మహా అయితే ఐదారు సెట్ల ఖర్చుకి ఒప్పించగలను. ఆ లోపల ఏదైనా దారి ఉందా?

పాతవైర్‌లెస్

మీ తప్పేం లేదండి, ఆ పేరు పెట్టినవాళ్లది తప్పు. ప్రైవసీ కోడ్ అంటారు గానీ అందులో ప్రైవసీ లేదు. దాని అసలు పేరు సీటీసీఎస్‌ఎస్. 67 హెర్ట్జ్ నుంచి సుమారు 254 హెర్ట్జ్ మధ్యలో ఒక లోతైన హమ్ మీ మాటతో పాటు వెళ్తుంది, అవతలి సెట్ ఆ హమ్ కనబడితేనే స్పీకర్ తెరుస్తుంది. ఒకే ఛానల్ మీద ఇద్దరు ముగ్గురు ఉంటే పక్కవాళ్ల గోల మనకి వినిపించకుండా చేసిన ఏర్పాటు అది. అంటే మీరు మీ చెవులు మూసుకున్నారు, నోరు కాదు. అవతలివాడు తన సెట్‌లో టోన్ తీసేసినా, మానిటర్ బటన్ నొక్కినా మీరు మాట్లాడేదంతా వింటాడు.

ఖర్చు లేకుండా కావాలంటే ముందు మెనూల్లో స్క్రాంబ్లర్ అని ఉందేమో చూడండి. మూడు రకాల్లోనూ ఉంటే ఇవాళే పెట్టేసుకోవచ్చు. గొంతుని తలకిందులు చేస్తుంది, వినేవాడికి బాతు మాట్లాడినట్టు ఉంటుంది.

బిట్లలెక్క

స్క్రాంబ్లర్‌ని ఎన్‌క్రిప్షన్ అనకండి దయచేసి. అది ఇన్వర్షన్. ఉదాహరణకి 3300 హెర్ట్జ్ పెట్టుకున్నారనుకోండి, 300 దగ్గరి శబ్దం 3000కి పోతుంది, 1000 దగ్గరిది 2300కి పోతుంది, అంతే. దాన్నే ఇంకోసారి తలకిందులు చేస్తే అసలు గొంతు వచ్చేస్తుంది. తాళం చెవి లాంటిదేదీ ఇందులో లేదు, ఉన్నది ఒక్క అంకె, అది కూడా సెట్లలో మామూలుగా పదిలోపే ఉంటాయి ఎంచుకోవడానికి. కంప్యూటర్‌లో ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. అసలు అదీ అక్కర్లేదు, అలవాటు పడ్డ చెవికి తలకిందులైన మాట కూడా ముక్కలు ముక్కలుగా అర్థమవుతుంది.

పాతవైర్‌లెస్

అవన్నీ నిజమే. కానీ గేటు బయట నిలబడ్డవాడు కంప్యూటర్ పట్టుకుని నిలబడలేదు కదా బిట్లలెక్క గారూ. రేపు పొద్దున పని జరగాలంటే నేను చెప్పింది జరుగుతుంది. మీరు చెప్పేది వచ్చే నెలకి.

బిట్లలెక్క

వాడి చేతిలో ఉన్న చిన్న సెట్‌లోనే స్క్రాంబ్లర్ ఉంటే? ఎనిమిది రకాలు ఉన్నాయనుకుందాం, ఒక్కొక్కటి తిప్పి చూస్తాడు. టీ తాగేంతసేపు కూడా పట్టదు.

సర్వీస్‌బెంచ్

ఇద్దరూ ఆగండి. రాత్రిడ్యూటీ గారూ, నేను రేడియోలు రిపేర్ చేసే బెంచి మీద చాలా ఏళ్లుగా ఉన్నాను, మీలాంటి కలగూరగంపలు నెలకి ఒకటైనా వస్తుంది. అందుకని కొంచెం పొడుగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

మొదట ఆ 12 అనలాగ్ సెట్లని ఈ లెక్కలోంచి తీసేయండి. వాటిని నిజంగా ఎన్‌క్రిప్ట్ చేయాలంటే లోపల విడిగా బోర్డు పెట్టాలి. అలాంటి బోర్డులు చేసే కంపెనీలు ఉన్నాయి, రోలింగ్ కోడ్ (తలకిందులు చేసే పద్ధతి మాటిమాటికీ మారే) రకాలు కూడా దొరుకుతాయి, ఇన్వర్షన్ కంటే ఎంతో నయం. కానీ ఒక్కో సెట్ విప్పాలి, టంకం పెట్టాలి, గొంతు నాణ్యత తగ్గుతుంది, సిగ్నల్ బలహీనంగా ఉన్నచోట సింక్ తప్పి మాట గరగరలాడుతుంది, చివరికి పెట్టిన ఖర్చు చూస్తే ఒక మామూలు డీఎంఆర్ సెట్ ధరకి దగ్గరగా వచ్చి కూర్చుంటుంది. పాత సెట్‌కి అంత పెట్టుబడి దండగ.

రెండోది, మీ దగ్గర 19 డీఎంఆర్ సెట్లు ఉన్నాయి, అదే మీ అదృష్టం. డీఎంఆర్ అనేది యూరప్ టెలికాం ప్రమాణాల సంస్థ ఈటీఎస్‌ఐ వాళ్లు 2005లో తెచ్చిన డిజిటల్ రేడియో ప్రమాణం, 12.5 కిలోహెర్ట్జ్ ఛానల్‌ని 30 మిల్లీసెకన్ల చొప్పున రెండు టైమ్ స్లాట్‌లుగా కోసి వాడుతుంది. కలర్ కోడ్ (ఛానల్‌కి పెట్టే గుర్తు అంకె), స్లాట్, టాక్‌గ్రూప్ (ఏ బృందంతో మాట్లాడాలో చెప్పే అంకె) ఈ మూడూ కలిస్తే ఏ బ్రాండుదైనా ఇంకో బ్రాండుతో మాట్లాడుతుంది. అయితే డిజిటల్ అయినంత మాత్రాన రహస్యం కాదు, ఇది చాలామంది పొరపాటు పడేచోటు. కంప్యూటర్‌కి గుచ్చే చిన్న యూఎస్‌బీ రిసీవర్, ఒక ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంటే ఎన్‌క్రిప్షన్ లేని డీఎంఆర్ శుభ్రంగా వినొచ్చు.

ఇప్పుడు అసలు చిక్కు. గాలిలో మాట ఎలా ప్రయాణించాలో ప్రమాణం చెప్పింది గానీ, ఏ లెక్కతో తాళం వేయాలో మొదట్లో ఎవరికి వాళ్లకే వదిలేశారు. అందుకే బ్రాండుకో పద్ధతి పుట్టింది. మెనూలో బేసిక్ అని కనిపించేది దాదాపు ఎప్పుడూ సొంత వంటకం, ఇంకో బ్రాండు బేసిక్‌తో కలుస్తుందని ఆశపడొద్దు. పైగా బలహీనం. మోటరోలా బేసిక్‌నే తీసుకోండి, మొత్తం 255 కీలే. కంప్యూటర్ ఒకటి నుంచి 255 దాకా లెక్కపెట్టడానికి ఎంతసేపు పడుతుంది చెప్పండి.

తర్వాత డీఎంఆర్ అసోసియేషన్ వాళ్లు కొన్ని పద్ధతులని ఉమ్మడిగా ఒప్పుకున్నారు. అందులో అందరి దగ్గరా ఎక్కువగా దొరికేది 40 బిట్ ఆర్‌సీ4, మెనూల్లో ఏఆర్‌సీ4 అని ఉండొచ్చు, మోటరోలా వాళ్లు ఎన్‌హాన్స్‌డ్ ప్రైవసీ అని పిలిచేది కూడా 40 బిట్ ఆర్‌సీ4యే. దానిపైన ఏఈఎస్ 256. ఇది గట్టిది, కానీ పెద్ద బ్రాండ్లలో సెట్‌కి ఒక్కో లైసెన్స్ కొనాలి.

కాబట్టి మీరు చేయాల్సిన పని ఏమిటంటే రెండు బ్రాండ్ల ప్రోగ్రామింగ్ సాఫ్ట్‌వేర్ తెరిచి, ఎన్‌క్రిప్షన్ పేజీలో ఏమేం పేర్లు ఉన్నాయో ఇక్కడ రాయండి. రెండింటిలోనూ ఉన్నవాటిలో గట్టిది ఏదో అదే మీ జవాబు. ఒక హెచ్చరిక, కీ పొడవు చూసి మోసపోకండి. కొన్ని బ్రాండ్ల బేసిక్‌లో కూడా 64 అక్షరాల కీ అడుగుతుంది, అంటే 256 బిట్లు, కానీ అది ఏఈఎస్ కాదు. తలుపు అట్టముక్క అయినప్పుడు తాళం బరువు ఎంతుంటే ఏం.

యాంటెన్నామీదకాకి

ఇన్ని తిప్పలెందుకు, కోడ్ మాటలు పెట్టుకోండి. లారీ అనకుండా ఏనుగు అనండి. "ఏనుగు మూడో తలుపు దగ్గర నిలబడింది, మేత వేశాం, తొమ్మిదింటికి కదులుతుంది." బయట వినేవాడు సర్కస్ అనుకుంటాడు.

సర్వీస్‌బెంచ్

నవ్వాను గానీ కాకి గారూ, అందులో విషయం ఉంది. లారీ నంబర్, సరుకు పేరు రేడియోలో అస్సలు పలకకుండా బే నంబర్‌తో (లారీ నిలబడే తలుపు నంబర్) సరిపెట్టడం చాలాచోట్ల చేస్తారు. ఎన్‌క్రిప్షన్ ఉన్నా ఆ అలవాటు మానొద్దు.

ఈవెంట్‌వాడు

మేం ఫోన్‌లోనే నొక్కి మాట్లాడే యాప్ వాడుతున్నాం. ఎన్‌క్రిప్షన్ అందులోనే ఉంటుంది, బ్రాండ్ గొడవ లేదు, ఊరి అవతల ఉన్నవాడితో కూడా మాట్లాడొచ్చు. ఆలోచించారా?

రాత్రిడ్యూటీ

ఆలోచించాం. గోదాము లోపల రేకుల షెడ్డు, నాలుగో వరస దాటితే ఫోన్‌కి సిగ్నల్ ఉండదు. చేతికి గ్లవ్స్ ఉంటాయి. పైగా ఫోన్ చేతికి ఇస్తే మావాళ్లు రేడియో ఒక్కటే వాడతారని నాకు నమ్మకం లేదు.

సర్వీస్‌బెంచ్ గారూ, చూశాను. నల్లవాటిలో బేసిక్, ఎన్‌హాన్స్‌డ్ ఉన్నాయి, ఏఈఎస్ అని ఉంది గానీ మసకగా ఉంది, నొక్కితే లైసెన్స్ అడుగుతోంది. చిన్నవాటిలో బేసిక్, ఏఆర్‌సీ4, ఏఈఎస్ 256 మూడూ తెరిచే ఉన్నాయి. చవకవాటిలో అన్నీ ఉండి ఖరీదైనవాటిలో లేకపోవడం ఏమిటో.

బిట్లలెక్క

అయితే 11 లైసెన్సులు కొనండి. ఆర్‌సీ4 40 బిట్ దగ్గర ఆగిపోవద్దు. 40 బిట్లంటే లక్ష కోట్లకి కాస్త ఎక్కువ కీలు, వినడానికి పెద్ద అంకెలా ఉంటుంది గానీ కాదు. 1995లోనే ఫ్రాన్స్‌లో ఒక పరిశోధకుడు వందకి పైగా కంప్యూటర్లని కలిపి 40 బిట్ ఆర్‌సీ4 కీని 8 రోజుల్లో పట్టేశాడు. అప్పటి కంప్యూటర్లతో! ఇప్పుడు మంచి గ్రాఫిక్స్ కార్డు ఉన్న ఒక్క మెషీన్ చాలు.

ఇంకోటి, రహస్యంగా ఉంచిన సొంత లెక్కలని నమ్మకూడదు అనడానికి టెట్రా (చాలా దేశాల్లో పోలీసులు, అత్యవసర సేవలు వాడే డిజిటల్ రేడియో వ్యవస్థ) కంటే ఉదాహరణ అక్కర్లేదు. దాంట్లో టీఈఏ1 అనే పద్ధతికి 80 బిట్ కీ అని చెప్పేవారు. 2023లో మిడ్‌నైట్ బ్లూ అనే డచ్ సంస్థ విప్పి చూస్తే లోపల అది 32 బిట్లకి కుదించుకుపోయి ఉంది. దశాబ్దాల పాటు ఎవరికీ చూపించకుండా దాచారు, అందుకే ఎవరూ బయటపెట్టలేకపోయారు. అదే ఏఈఎస్ అయితే 2001 నుంచి అందరి కళ్లముందే ఉంది, తలపండినవాళ్లు ఎంత ప్రయత్నించినా నిలబడింది.

సర్వీస్‌బెంచ్

మీ లెక్క ఒప్పుకుంటాను. కానీ ఎవరి నుంచి దాచుతున్నాం అన్నది ముందు. రాత్రిడ్యూటీ గారి లారీ తొమ్మిదింటికి బయలుదేరితే ఆ రహస్యం తొమ్మిదీ ఐదుకి చచ్చిపోతుంది. గేటు దగ్గరివాడికి ఆర్‌సీ4 పగలగొట్టే ఓపిక, సామాను రెండూ ఉండి, సిగ్నల్ రికార్డ్ చేసుకుని ఇంటికి పోయి కీ వెతికి తెచ్చుకుంటే ప్రమాదమే, ఎందుకంటే ఒకసారి కీ దొరికితే మనం మార్చేదాకా అన్నీ వింటాడు. నెలకోసారి మారిస్తే ఆ కష్టం మళ్లీ మొదటికి. ఇదే నగదు తరలించే బండి వ్యవహారం అయితే నేనే ముందు ఏఈఎస్ అనేవాడిని, లైసెన్స్ ఖర్చు మాట ఎత్తేవాడిని కాదు.

నా సలహా, ఇవాళ పైసా పెట్టకుండా 19 సెట్లలో ఆర్‌సీ4 పెట్టండి. ఒప్పించిన డబ్బుని లైసెన్సులకి కాదు, అనలాగ్ చేతుల్లో ఉన్న ముఖ్యమైన మనుషులకి డీఎంఆర్ సెట్లు ఇవ్వడానికి వాడండి. ఎందుకంటే ఒక్క మనిషి అనలాగ్‌లో ఉండిపోతే అతని కోసం అందరూ అనలాగ్‌కి దిగుతారు, అప్పుడు ఏఈఎస్ ఉన్నా లేనట్టే.

బిట్లలెక్క

ఆ చివరి మాట ఒప్పుకుంటున్నాను. కానీ కొత్తగా కొనే సెట్లు ఏఈఎస్ తెరిచి ఉన్నవే కొనమని నా షరతు. రేపు నల్లవి పాతబడ్డాక దారి ఉంటుంది.

కీహోల్

మధ్యలో దూరుతున్నందుకు క్షమించండి. మావి కెన్‌వుడ్, ఐకామ్ కలిసి ఉన్నాయి, డీఎంఆర్ కాదు, ఎన్‌ఎక్స్‌డీఎన్ అనే ఇంకో డిజిటల్ పద్ధతి. దీనికీ ఇదే వర్తిస్తుందా? పీ25 గురించి కూడా విన్నాను.

సర్వీస్‌బెంచ్

ఎన్‌ఎక్స్‌డీఎన్ ఆ రెండు కంపెనీలు కలిసి తెచ్చిందే కాబట్టి మీకు కాస్త సుఖం. అందులో 15 బిట్ల స్క్రాంబ్లర్ ఉంటుంది, కీలు 1 నుంచి 32,767 దాకా, రెండు బ్రాండ్లలో ఒకే అంకె పెడితే మామూలుగా కలుస్తుంది. యాదృచ్ఛికంగా వినేవాడిని ఆపుతుంది, పట్టుదల ఉన్నవాడిని ఆపదు. పైన డీఈఎస్, ఏఈఎస్ కూడా ఉన్నాయి, వాటికి అదనపు ఖర్చు. పీ25 పోలీసు, ఫైర్ వాళ్ల సామాను, ఏఈఎస్ బాగుంటుంది గానీ వ్యాపారానికి ఆ ధరలు భరించలేం. మిగతాది కొత్త థ్రెడ్‌లో అడగండి, ఇక్కడ కలిపితే గందరగోళం.

పాతవైర్‌లెస్

ఒక మాట, ఎవరూ అనలేదు కాబట్టి నేను అంటున్నాను. మీ ఫ్రీక్వెన్సీ లైసెన్స్ షరతుల్లో డిజిటల్ ఎమిషన్‌కి, ఎన్‌క్రిప్షన్‌కి అనుమతి ఉందో లేదో చూసుకోండి. ఒక్కో దేశంలో ఒక్కో రూలు. లైసెన్స్ అక్కర్లేని బ్యాండ్లలో చాలాచోట్ల ఒప్పుకోరు. హామ్ (సరదాగా రేడియో నడిపే ఔత్సాహికుల) బ్యాండ్లలో అయితే అర్థం దాచిపెట్టే ప్రసారం వేరే దేశాల హామ్‌లతో చేయకూడదని అంతర్జాతీయ రేడియో నిబంధనల్లోనే ఉంది. రికార్డుల్లో అనలాగ్ అని రాయించుకుని గాలిలో డిజిటల్ పంపితే అదో తలనొప్పి.

రాత్రిడ్యూటీ

చూశాను, మాది బిజినెస్ లైసెన్సే, డిజిటల్ కూడా రాసి ఉంది, ఎన్‌క్రిప్షన్ గురించి లైసెన్స్ ఇచ్చినవాళ్లని అడిగితే అభ్యంతరం లేదన్నారు. గుర్తుచేసినందుకు థాంక్సండి.

నిన్న రాత్రి రెండు సెట్ల మీద ప్రయోగం చేశాను. ముందు మీ మాట వినకుండా బేసిక్ పెట్టి చూశాను, రెండింటిలో ఒకే కీ. నీళ్లలో మునిగి మాట్లాడుతున్నట్టు గుడగుడ శబ్దం. సరే అని ఎన్‌హాన్స్‌డ్, ఏఆర్‌సీ4 పెట్టాను. పది అక్షరాల కీ, రెండింటిలోనూ అక్షరం అక్షరం సరిచూశాను, మా రాత్రి షిఫ్ట్ అబ్బాయి బోర్డు మీద రాసిపెట్టి చదివాడు, నేను కొట్టాను. అయినా మాట రాలేదు. నల్లది మాట్లాడితే చిన్నదాని స్క్రీన్ మీద ఐడీ కనిపిస్తోంది, స్పీకర్ మాత్రం మూగ. పిచ్చెక్కిపోయింది.

సర్వీస్‌బెంచ్

ఐడీ కనిపించి మాట రావడం లేదంటే కలర్ కోడ్, స్లాట్, గ్రూప్ బాగున్నట్టే. కీ ఐడీ ఎంత పెట్టారు? కీ కాదు, కీ ఐడీ.

రాత్రిడ్యూటీ

రెండింటిలోనూ 10.

సర్వీస్‌బెంచ్

దొరికింది. ఒక సాఫ్ట్‌వేర్ ఆ గడిలో మామూలు అంకె తీసుకుంటోంది, ఇంకోటి హెక్స్ (పదికి బదులు పదహారుతో లెక్కపెట్టే పద్ధతి) తీసుకుంటోంది. హెక్స్‌లో 10 అంటే 16. ఒక సెట్ "ఇది పదో తాళం" అని చెప్తుంటే రెండోది తన గుత్తిలో పదో తాళమే లేదని ఊరుకుంటోంది. 1 నుంచి 9 లోపు ఏదైనా పెట్టండి, ఆ గొడవే ఉండదు. ఈ ఒక్క గడి నా జీవితంలో ఎన్ని రాత్రులు తినేసిందో చెప్పలేను.

రాత్రిడ్యూటీ

3 పెట్టాను. పలికింది!!! నల్లది, చిన్నది, రెండు వైపులా. గొంతు కూడా ముందుకంటే శుభ్రంగా ఉంది. అయితే ఒకటి గమనించాను, అవతలివాడు మాట్లాడుతుండగా మధ్యలో సెట్ ఆన్ చేస్తే కాసేపు ఏమీ రాదు, తర్వాత అందుకుంటుంది. ఇది మామూలేనా? దూరం ఏమైనా తగ్గుతుందా?

బిట్లలెక్క

మామూలే. ఆర్‌సీ4కి కీతో పాటు ప్రతిసారీ మారే ఒక ప్రారంభ విలువ కావాలి, బటన్ నొక్కగానే మొదట వెళ్లే హెడర్‌లో అది ఉంటుంది. మధ్యలో వచ్చినవాడికి ఆ హెడర్ పోయింది కదా, అందుకని అదే విలువని మాట ఫ్రేముల్లో అంత ముఖ్యం కాని బిట్ల స్థానంలో దూర్చి మళ్లీ మళ్లీ పంపుతారు, 360 మిల్లీసెకన్లకి ఒక సూపర్‌ఫ్రేమ్ చొప్పున. దాన్ని పట్టుకున్నాక మాట మొదలవుతుంది. ఆ బిట్లు తీసుకున్నందుకు గొంతు రవ్వంత తగ్గాలి, చాలామంది చెవికి తేడా తెలియదు. దూరానికి ఏమీ కాదు, బిట్లు అన్నే, వాటి విలువలు మాత్రమే మారతాయి.

యాంటెన్నామీదకాకి

రిపీటర్ ఉంటే దానికీ కీ ఇవ్వాలా?

సర్వీస్‌బెంచ్

అక్కర్లేదు కాకి గారూ. రిపీటర్ వచ్చిన బిట్లని సరిచేసి మళ్లీ పంపడమే, లోపల ఏముందో దానికి అనవసరం. కొన్ని మోడళ్లలో ఒక సెట్టింగ్ మార్చాల్సి రావచ్చు, ఒకసారి పరీక్షించుకుంటే సరి.

రాత్రిడ్యూటీ గారూ, సంబరపడే ముందు ఒక పని. మీ 19 కాకుండా, అరువు తెచ్చుకునైనా సరే, కీ లేని డీఎంఆర్ సెట్ ఒకటి సిద్ధం చేయండి, మిగతావన్నీ అవే సెట్టింగులు, కీ మాత్రం లేదు. దాన్ని చేత్తో పట్టుకుని ప్రతి సెట్‌నీ ఒక్కొక్కటిగా నొక్కించి వినండి. 19కి 19. ఒక్కటీ వదలొద్దు.

రాత్రిడ్యూటీ

19 అవసరమా? ఒకే ఫైలు అన్నింటికీ ఎక్కించాను కదా.

సర్వీస్‌బెంచ్

అవసరమే.

రాత్రిడ్యూటీ

నాలుగు రోజుల తర్వాత రాస్తున్నాను. తల కొట్టేసినట్టయింది. పని ఒత్తిడిలో ఆ పరీక్ష ఇవాళ్టికి గానీ కుదరలేదు. చేస్తే 18 సెట్లు మూగగా ఉన్నాయి, ఒక్కటి మాత్రం గంట కొట్టినట్టు వినిపించింది. అది ఎవరిదనుకున్నారు, సూపర్‌వైజర్‌ది. ఈ నాలుగు రోజులూ ఆయన చెప్పిందంతా బయటికి స్పష్టంగా పోయింది. ఆయన పక్క బటన్‌కి ఎన్‌క్రిప్షన్ ఆన్ ఆఫ్ కేటాయించి ఉంది, జేబులో ఎప్పుడో నొక్కుకుపోయింది. మాకెవరికీ తెలియలేదు, ఎందుకంటే మా సెట్లు తాళం వేసిన మాటా వినిపించాయి, వేయని మాటా వినిపించాయి!

బిట్లలెక్క

మీరొక్కరే కాదు. 2011లో అమెరికాలో పెన్సిల్వేనియా యూనివర్సిటీ పరిశోధకులు పీ25 మీద చేసిన పని ఇదే చూపించింది. ఫెడరల్ ఏజెంట్ల దగ్గర గట్టి ఎన్‌క్రిప్షన్ ఉన్న సెట్లే ఉన్నాయి, అయినా తాళం పడిందనుకుని తెరిచిన మాట మాట్లాడేస్తున్నారు, నగరం తర్వాత నగరంలో. పరిశోధకులు ఏ కీనీ పగలగొట్టలేదు, ఊరికే విన్నారు. నేను ఇందాకటి నుంచి బిట్ల గురించి గొంతు చించుకున్నాను గానీ, ఆ 40కీ 256కీ ఉన్న తేడా కంటే ఈ పక్క బటన్ పెద్దది.

సర్వీస్‌బెంచ్

మూడు మార్పులు చేయండి. ఎన్‌క్రిప్షన్‌ని ఛానల్‌కి కట్టేయండి, మనిషి చేతికి వదలొద్దు. పక్క బటన్ నుంచి ఆ పని తీసేయండి, దానికి ఇంకేదైనా ఇవ్వండి. మూడోది అందరికీ తెలియనిది, కొన్ని సెట్లలో తాళం లేని మాట వస్తే స్పీకర్ తెరవొద్దు అనే ఎంపిక ఉంటుంది. అది ఉంటే పెట్టండి. అప్పుడు ఎవరైనా పొరపాటున తెరిచి మాట్లాడితే ఎవరికీ వినబడదు, వాళ్లే "నా సెట్ పాడైంది" అంటూ మీ దగ్గరికి వస్తారు. అయితే ఆ పని చేసిన సెట్ ఎమర్జెన్సీ పిలుపు ఎలా తీసుకుంటుందో విడిగా పరీక్షించండి, అక్కడ మాత్రం తాళం కోసం మాట పోగొట్టుకోవద్దు.

ఈవెంట్‌వాడు

మిగిలిన అనలాగ్ వాళ్ల సంగతేం చేశారు? ఒక అనలాగ్ సెట్‌నీ ఒక డిజిటల్ సెట్‌నీ కేబుల్‌తో కలిపి మధ్యలో పెడితే ఇటు మాట అటు, అటు మాట ఇటు పోతుంది కదా, మేం ఒకసారి చేశాం.

పాతవైర్‌లెస్

పోతుంది. తాళం వేసిన మాటని విప్పి, శుభ్రం చేసి, అనలాగ్‌లో గేటు దాకా మోసుకెళ్లి వినిపిస్తుంది. అనలాగ్ మనిషిని నేనే చెప్తున్నాను, వద్దు.

రాత్రిడ్యూటీ

ఆ కేబుల్ ఐడియా నాకూ వచ్చింది, మంచిదైంది చేయలేదు. పైవాళ్లు ఐదు సెట్లకి ఒప్పుకున్నారు, ఆరు అడిగాను. చిన్న బ్రాండువే తీసుకున్నాను, ఏఈఎస్ తెరిచి ఉన్నవి (బిట్లలెక్క గారి షరతు). గేటు, డిస్పాచ్, సూపర్‌వైజర్ల దగ్గర అనలాగ్ తీసేశాను. ఇప్పుడు 24 డీఎంఆర్ సెట్లు, అన్నీ ఆర్‌సీ4. 12 అనలాగ్‌లు ఫోర్క్‌లిఫ్ట్ వాళ్లకి, శుభ్రం చేసేవాళ్లకి వేరే ఛానల్‌లో, అక్కడ లారీల మాట ఎత్తకూడదని చెప్పాం. ఎంతవరకు వింటారో చూడాలి.

సెట్ పోతే ఏం చేయాలి? దూరం నుంచి చంపేసే సదుపాయం ఉందట కదా.

సర్వీస్‌బెంచ్

ఉంది, కానీ ఆ సెట్ ఆన్‌లో ఉండాలి, మీ రేంజ్‌లో ఉండాలి, ఒక బ్రాండు పంపిన ఆజ్ఞ ఇంకో బ్రాండు వింటుందన్న భరోసా లేదు. దొంగిలించినవాడు బ్యాటరీ తీసేస్తే అయిపోయె. కాబట్టి సెట్ పోయిందంటే కీ పోయినట్టే లెక్క, ఆ రోజే అన్నింటిలో మార్చాలి. దానికి ఇప్పుడే రెండో కీ, కీ ఐడీ 4 అనుకోండి, ఎవరి సెట్‌లోనూ ఎక్కించకుండా తయారు చేసి పెట్టుకోండి. చదవడానికి, రాయడానికి ప్రోగ్రామింగ్ పాస్‌వర్డ్ పెట్టండి, లేకపోతే కేబుల్ ఉన్న ప్రతివాడూ మీ కోడ్‌ప్లగ్ (సెట్ సెట్టింగులన్నీ ఉండే ఫైలు) లాగేస్తాడు. ఆ కోడ్‌ప్లగ్ ఫైలు ఉన్న ల్యాప్‌టాప్ కూడా జాగ్రత్త.

ఇంకొకటి తెలిసి ఉండాలి, మాట దాగింది గానీ ఎవరు, ఏ గ్రూపులో, ఎంతసేపు మాట్లాడారో దాగలేదు. సెట్ ఐడీ, టాక్‌గ్రూప్ మామూలుగా బయటికే కనిపిస్తాయి. రాత్రి రెండింటికి గేటు సెట్, డిస్పాచ్ సెట్ ఉన్నట్టుండి పదిసార్లు మాట్లాడుకుంటే ఏదో కదులుతోందని లెక్కేసుకోవచ్చు.

రాత్రిడ్యూటీ

అది పర్లేదు, మా లారీలు కదులుతాయని ఊరందరికీ తెలుసు. ఏది ఎప్పుడన్నదే సమస్య. పాస్‌వర్డులు పెట్టేశాను. ల్యాప్‌టాప్ బీరువాలో పెట్టి తాళం వేశాను. కీ లేని పరీక్ష సెట్‌కి ఎర్ర టేప్ చుట్టాను, వారానికోసారి అందరినీ నొక్కించి వింటాను. ఇవాళ 24కి 24 మూగ.

కీహోల్

చిన్న సందేహం. మొదట్లో మీ రాత్రి షిఫ్ట్ అబ్బాయి కీని బోర్డు మీద రాసి చదివాడన్నారు. అది ఏ బోర్డు?

రాత్రిడ్యూటీ

డిస్పాచ్ రూమ్‌లో వైట్‌బోర్డు. లారీ డ్రైవర్లు సంతకం పెట్టేచోట.

ఇప్పుడే వెళ్లి చూసొచ్చాను. ఇంకా ఉంది. చుట్టూ గీత గీసి "చెరపవద్దు" అని కూడా రాశాడు.

సర్వీస్‌బెంచ్

కీ ఐడీ 4 తయారుగా ఉందా?

రాత్రిడ్యూటీ

ఉంది. కేబుల్ తీస్తున్నాను.